సరస్సు దగ్గరి సందర్శకుల పుస్తకం

ఇక తనిఖీకి ఇదొక్కటే మిగిలింది, జలపాతం పక్కన గుడారాల మైదానం ఉంచొచ్చు, పైన్ తోపులో బల్లలు విరిగినా జనం వస్తున్నారు, అదీ ఉంచొచ్చు, ఈ పై సరస్సుకే జీపు రాదు, గంట నడక, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, ఏడాదికి రెండువందల మంది రాని చోటు మూసెయ్యమని ఆఫీసు ఉత్తరం, మూసేస్తే ఇక్కడి కాపలా ఉద్యోగమూ ఇల్లూ పోతాయి, ఆ కాపలాదారు మా అక్క మొగుడు, అయితే ఏం, తనిఖీకి వచ్చినవాడికి చుట్టరికాలుండవు, అదిగో టోపీ సర్దుకుంటూ ఎదురొచ్చాడు, ఏమోయ్ ఒక్కడివేనా, చెల్లెమ్మా పిల్లలూ ఏరీ, డ్యూటీ మీదొచ్చాను బావా, సరేలే, మీ అక్క టీ పెడుతోంది, ముందు పుస్తకం చూపించు బావా, చూపిస్తాను, ఎక్కడికి పోతుందది.

రెండువందల పద్నాలుగు, భేష్, కానీ పొయ్యిరాళ్ళ మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది, బెంచీల మీద నాచు ఎవరూ కూర్చోక పచ్చగా పరుచుకుంది, పుస్తకం నిండా ఒకటే చేతిరాత, ఒకటే పెన్ను, దొరికిపోయావు బావా, నాకు కోపం కూడా రాలేదు, లెక్క తప్పినచోట గీత గియ్యడమే నా పని, ఎర్ర పెన్ను మూత తీశాను, పాపం గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు, అబద్ధమాడటం కూడా చేతకాదు మనిషికి, దొంగపేర్లయినా కొత్తవి కల్పించుకోలేదు, మా పెద్దత్త, ముగ్గురు, మా చిన్నాన్న, ఆరుగురు, అక్కతో చదువుకున్న నర్సు, ఇద్దరు, అందరూ మావాళ్ళే, వీళ్ళలో ఒక్కరూ ఈ కొండెక్కలేదని నాకు తెలుసు, మా చెల్లి పెళ్ళిలో భోజనాల దగ్గర మాత్రం బావ అందరినీ పేరుపేరునా పిలిచాడు, సరస్సు చూద్దురుగాని రండని, వాళ్ళూ చేతులు కడుక్కుంటూ తప్పకుండా వస్తామన్నారు.

మొదటి పేజీకి తిప్పాను, మొట్టమొదటి పేరు నాది, నలుగురు, పోయిన వేసవి, ఆదివారం, అభిప్రాయం అన్నచోట పిల్లలు నీళ్ళు వదిలి రామన్నారు అని రాసుంది, ఆ ఆదివారం నేనెక్కడున్నానో గుర్తులేదు, అంతకు వారం ముందు బస్సు మెట్టు మీంచి, వచ్చే ఆదివారం పిల్లల్ని తీసుకొస్తా బావా అని అరవడం గుర్తుంది, లోపల అక్క కప్పులు సర్దుతోంది, నాకు సిగ్గేసింది, పెన్ను మూత పెట్టేశాను, ఆ ఉత్తరానికి ఏం జవాబు రాస్తానో ఇంకా తెలీదు, బావ ఈ పుస్తకంలో ఎవరినీ కల్పించలేదు, వస్తామన్నవాళ్ళ కోసం ఎదురుచూసి, పొద్దుపోయాక, వచ్చారనే రాసుకున్నాడు.