కామా దగ్గర తెగిన కొమ్మ

ఆయన పోయాక నేను కూతురింట్లోనే ఉంటున్నాను. కూతురూ అల్లుడూ ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసేవారు. మనిషి రాసిన ప్రోగ్రామును కంప్యూటరుకు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ తయారుచేయడం వాళ్ల పని. ఆ ప్రోగ్రామును అది ముందు చెట్టులా విడదీసుకుంటుందట. ఒక్కో పని చేసిపెట్టే ముక్కను ఫంక్షన్ అంటారు, ప్రతి ఫంక్షనూ ఒక కొమ్మ. అందులోకి అంకె వెళ్లాలా, మాట వెళ్లాలా, బయటికేం రావాలి అని చెప్పే గుర్తులు ఆ కొమ్మకు రెమ్మలు.

అల్లుడు తొందరపడి ఆ గుర్తులన్నిటినీ రెమ్మలుగా కాక మధ్యమధ్య కామాలు పెట్టి ఒకే చీటీగా కొమ్మకు వేలాడదీశాడు. కామా కనబడ్డచోటల్లా చీటీని తుంచుకుంటే చాలన్నాడు.

"ఫంక్షన్‌లోకి ఇంకో ఫంక్షన్ వెళ్తే? దాని కామాలు దానికుంటాయి కదా, అక్కడా తుంచేస్తావా?" అంది నా కూతురు అన్నం కలుపుతూ.

"నీకన్నీ అనుమానాలే. ముందు కొనేవాళ్లకు చూపించనీ, తర్వాత నీ రెమ్మలు మొలిపిద్దువుగాని."

చూపించిన రోజున సరిగ్గా అదే అయింది. కొనడానికొచ్చినవాళ్లు ఫంక్షన్‌లోకి ఫంక్షన్‌ను పంపారు. కంపైలర్ లోపలి కామా దగ్గర కూడా తుంచి, రెండు వెళ్లాల్సినచోట మూడు కావాలంది. వాళ్లు లేచి వెళ్లిపోయారు.

"ఈ గుర్తుల పని ఎవరిది?" అని మేనేజరు అడిగితే, "తనే చూసుకుంటోంది" అన్నాడట అల్లుడు. ఆ వారమే ఆ పని మా అమ్మాయికి అప్పగించిన మాట నిజమే. రాసింది మాత్రం అతను. ఉద్యోగం అమ్మాయిది పోయింది.

"ఇద్దరిలో ఒకరి జీతమైనా నిలవాలి కదా అత్తయ్యా" అన్నాడు ఇంటికొచ్చి.

"నిలిచింది కదా అల్లుడుగారూ. ఏరు దాటేదాకానేగా ఓడ మల్లయ్య."

"అమ్మా, నువ్వూరుకో" అంది కూతురు.

మర్నాడు కాఫీ తాగుతూ అల్లుడు కాగితం, పెన్ను మా అమ్మాయి ముందుకు జరిపాడు.

"ఆ రెమ్మలెలా ఉండాలో ఒక్కసారి గీసిపెట్టవూ? సోమవారానికల్లా సరిచేయమన్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల మాత్రం గీసింది. ఫంక్షన్‌కు కొమ్మ, లోపలికి వెళ్లే ఒక్కోదానికి ఒక్కో రెమ్మ, ఆ వెళ్లేది కూడా ఫంక్షనే అయితే దానికి మళ్లీ దాని రెమ్మలు, బయటికొచ్చేదానికి వేరే రెమ్మ. తుంచే పనే లేదు.

"నువ్వే గీశావని మేనేజరుకు చెప్తాలే" అన్నాడు.

"వద్దు. నువ్వే గీశావని చెప్పు. రేపు విరిగితే ఎవరిదని మళ్లీ అడుగుతారు."

ఆ మాట అతనికి తగల్లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకున్నాడు.