ఇస్త్రీకి తాగే నీళ్లు

ఎస్తేరు దవాఖానలో ఆయా. పొద్దున్నే తెల్ల చీర ఇస్త్రీ చేసుకుని ఎనిమిదింటి ఆటో అందుకోవాలి. ఆమె ఆవిరి ఇస్త్రీపెట్టె నలుగురిళ్లలో ఉండేలాంటిదే. బుస్సుమంటుంది, ముడతలు తీస్తుంది. లేచిన ఆవిరి మాత్రం చిన్న మబ్బై తలుపులోంచి బయటపడి, ఆ బట్ట ఎవరిదో వాళ్లను వెతుక్కుంటూ పోయి నెత్తిమీద నిలుస్తుంది. కాసేపు నీడనిచ్చి, నాలుగు చినుకులు రాల్చి కరిగిపోతుంది. మర్రిగూడ వైపు దీన్నెవరూ వింత అనుకోలేదు. ఆటోలో పక్కనున్నవాళ్లు "జర గటు జరుగక్కా, నీ మొగులు కారుతాంది" అని సంచీలు ఇవతలికి లాక్కునేవారు, అంతే.

ఆ ఏడు ఎండాకాలం నుంచి మబ్బు చిక్కిపోతూ వచ్చి, జూన్ నెలాఖరుకు ఆగిపోయింది. పెట్టె చీర మీద తెల్లటి పెచ్చులు కక్కసాగింది. దాని సంగతి చూసే తీరిక ఎస్తేరుకెక్కడిది? ఇంట్లో అంతకన్నా పెద్ద దిగులుంది. ఆమె భర్త విజేందర్ తొలివానకు అరెకరంలో పత్తి గింజలు పెట్టాడు. మొలకలొచ్చాయి గానీ వాన మళ్లీ మొహం చూపలేదు. చేన్లో బోరు లేదు. ఆ వంశంలో సొంత భూమి అన్నది అదే మొదలు. దాన్ని కౌలుకిచ్చేసి, సోమవారం నుంచి పట్నంలో వాచ్‌మన్ పనికి వస్తానని విజేందర్ మాటిచ్చేశాడు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఎస్తేరుకు ఏడుపొచ్చేది.

ఆదివారం చర్చి నుంచి రాగానే ఆమె పెట్టె ముందేసుకుని కూర్చుంది. అందులో నీళ్లు పోసే పని విజేందర్‌ది.

"ఏందయ్యా, దీంట్ల ఏం నీళ్లు పోస్తున్నవ్?"

"బోరింగు నీళ్లు."

"నల్లా నీళ్లు పొయ్యమన్న గదా!"

"తాగే నీళ్లు బట్టల మీద కాలవెడ్తమా? పాపం తాకదా?"

ఆ మాటకు నవ్వడానికి లేదు. అక్కడ నల్లాలో మంచినీళ్లు రావడం నిన్నమొన్నటి సంగతి. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాడికి నల్లా నీళ్లు ఇస్త్రీపెట్టెలో పోయాలంటే ప్రాణం ఒప్పదు.

ఆ ఫ్లోరైడుకే ఎముకలు బిగుసుకుపోయి, మంచం మీద నడుము వంగి కూర్చున్న అతని తల్లి సాలమ్మ అంతా విన్నది.

"నా బొక్కలల్ల గట్టివడ్డ నీళ్లే పెట్టెల గట్టివడ్డయ్ బిడ్డా. నా బొక్కలైతే కడుగరాదు, గదన్న కడుగుండ్రి. ఇగో, నా వంతు నీళ్లు వొయ్యి," అని తన చెంబు ముందుకు జరిపింది.

విజేందర్ ఆ చెంబు అందుకుని ఎస్తేరుకిచ్చాడు.

ఎస్తేరు ఆ నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కరిగించి పెట్టెలో పోసింది. బాగా వేడెక్కనిచ్చి, ప్లగ్గు పీకి అరగంట నిలబెట్టింది. మళ్లీ వేడి చేసి, పాత గుడ్డ మీద ఆవిరి మీట నొక్కుతూ అటూ ఇటూ ఊపింది. సున్నం పెచ్చులు జలజలా రాలాయి. చల్లారాక, పిన్నుతో గీకబోయిన మొగుడి చేతిమీద ఒక్కటిచ్చి, తడిగుడ్డ చుట్టిన పుల్లతో రంధ్రాలు తుడిచింది. రెండుసార్లు మంచినీళ్లతో కడిగి, నింపి, విజేందర్ తువ్వాల పరిచి మీట నొక్కింది.

మబ్బు లేచింది. దున్నపోతంత, నల్లగా.

"ఏం జూస్తున్నవ్? చేన్లకు ఉరుకు!" అంది ఎస్తేరు.

అతను ఉరికాడు. వెనకే మబ్బు. చేన్లో అతను సాలు పట్టుకుని నడుస్తుంటే అది కురుస్తూ వచ్చింది. ఒక్క తువ్వాలకు మూడు సాళ్లు తడిశాయి. ఇంట్లో సాలమ్మ ట్రంకుపెట్టెలోంచి కొడుకు బట్టలు ఒక్కొక్కటే అందిస్తోంది, ఎస్తేరు రుద్దుతోంది. అంగీలు, లుంగీలు, పెళ్లినాటి ధోతి అయిపోయాయి. మొగుడి బనియన్లు ఇస్త్రీ చేసిన ఆడది ఆ మండలంలో ఆమె ఒక్కతే అయ్యుండాలి. పక్క చేను కురుమయ్య గట్టు మీద నిలబడి అరిచాడు: "మెల్లగ నడువు విజేందరూ, మొగులు వెనకవడ్డది!"

రెండు సాళ్లు మిగిలాయనగా బట్టలు అయిపోయాయి. కొయ్యకు ఒక్క నీలం అంగీ వేలాడుతోంది. వాచ్‌మన్ పని కోసం పట్నం వాళ్లు అతని కొలతలకు కుట్టించి, జేబు మీద అతని పేరు వేయించి ముందే పంపిన అంగీ అది. ఎస్తేరు దాన్ని కాసేపు చూసి, పరిచి, కాలరు దగ్గర్నుంచి శ్రద్ధగా ఇస్త్రీ చేసింది.

సాలు మొదట్లో విజేందర్ మొహం పైకెత్తి నిలబడ్డాడు. మబ్బు వచ్చింది. ఒక్క చినుకు రాల్చకుండా అతని నెత్తిమీదుగానే సాగిపోయి, హైదరాబాదు వైపు మళ్లింది.

అది ఏ అంగీ మబ్బో తెలిసిపోయి, కనుమరుగయ్యేదాకా చూసి, విజేందర్ ఫోను తీశాడు.

"సార్, నేను వస్తలేను. గా అంగీ నాది గాదు. ఎవలిదో వాళ్లకియ్యుండ్రి."

అవతలి మనిషి ఇంకా ఏదో అంటుండగానే ఫోను జేబులో వేసుకుని, మిగిలిన రెండు సాళ్లకు బిందె తెచ్చుకోవడానికి ఇంటివైపు నడిచాడు.