పంతులమ్మగారి పోటు

బందరులో ఆ ఆడపిల్లల బడి పది గంటలకు మొదలయ్యేది. అంతకుముందే ఆయా అంకమ్మ గదులు ఊడ్చి, కుండలో మంచినీళ్ళు నింపి, రెండో తరగతి గదిలో తూముకు అడ్డంపెట్టిన గుడ్డ తీసేసేది. ఆ తరగతి పంతులమ్మ లలితాంబకు భయం వేస్తే పాదాల దగ్గర ఉప్పునీరు ఊరేది మరి. పై అధికారులెవరైనా వచ్చారంటే చాపలు తడిసి ముద్దయ్యేవి. బడి కమిటీవారు దీని గురించి రెండు సమావేశాలు జరిపి, రెండుసార్లూ కాఫీ తాగి, గోడకు తూము పెట్టించారు. పిల్లలు చాపలు చుట్టేసి, బల్లలెక్కి ఎక్కాలు వల్లించడం అలవాటు చేసుకున్నారు.

లలితాంబకు ఇరవై ఆరేళ్ళు. భర్త పోయాక ట్రైనింగు చదివి ఈ ఉద్యోగంలో చేరింది. ఆమె బావగారు, అంటే భర్త అన్న, మధుసూదనరావు అందుకు ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఇన్‌స్పెక్ట్రెసు దొరసాని పాఠం విని ఉద్యోగం ఖాయం చేస్తే సరే, లేకపోతే గుడివాడ దగ్గర నందివాడలో తన ఇంటికి వచ్చి పధ్నాలుగు మందికి వండిపెట్టాలి. దొరసాని ఇప్పటికి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నీళ్ళు నడుము దాటేసరికి లలితాంబ పాఠం వదిలేసి బయటికి పరుగెత్తింది. మూడోసారి, ఆఖరుసారి, సోమవారం వస్తోంది.

శుక్రవారం మధ్యాహ్నం అంకమ్మ గదిలోకి వచ్చేసరికి లలితాంబ ఛాతీ పట్టుకుని గోడకు ఆనుకుని ఉంది.

“గుండెలో పోటుగా ఉంది, అంకమ్మా.”

అంకమ్మది గిలకలదిండి, సముద్రం మీద బతికే కుటుంబం. పోటంటే పొంగివచ్చే సముద్రమే ఆమెకు. నొప్పిని కూడా అలాగే అంటారని ఆ క్షణాన తట్టలేదు.

“ఎందాకా వచ్చిందండీ?” అని అడిగింది.

“ఎందాకా ఏమిటి?”

“పోటండీ. నడుం దాకానా, పీక దాకానా? చూడకుండా లగెత్తితే ఎట్టా? పోటొచ్చిందని మావోళ్ళు పడవొదిలేసి పారిపోతారా? లంగరేసి కూకుని, ఎందాకా వచ్చిందో చూత్తా ఉంటారు. దాన్ని తోలేదీ లేదు, ఆపేదీ లేదు. దానంతటదే పోద్ది.”

లలితాంబకు నవ్వొచ్చింది. అయినా, అడిగింది కదా అని లోపల వెతికింది. అరికాళ్ళలో చల్లదనం. పిక్కల్లో సన్నటి వణుకు. కడుపులో ముడి. ఇన్నాళ్ళూ భయమని ఒక్క మాటతో సరిపెట్టినదాంట్లో ఇన్ని ఉన్నాయని ఆమెకు తెలియనే తెలియదు.

“పీక దాకా ఉండేది. ఇప్పుడు కడుపులోనే ఉంది.”

“అదేనండీ ఆటు, నీరు ఎనక్కి తియ్యటం,” అంది అంకమ్మ, చీపురు అందుకుంటూ.

శని, ఆదివారాలు లలితాంబ పీటమీద కూర్చుని ఈ చూడటమే సాధన చేసింది.

సోమవారం దొరసాని వచ్చింది. మధుసూదనరావు కూడా వచ్చాడు; గుడివాడ రైలుకి రెండు టిక్కెట్లు కొనేసి, జట్కాను బడిముందు నిలబెట్టించాడు. అంత నమ్మకం ఆయనకు మరదలి మీద.

కృష్ణానది పాఠం. నది మహాబలేశ్వరం దాటకముందే నీళ్ళు మోకాళ్ళు దాటాయి. దొరసాని బూట్లతోనే కుర్చీ ఎక్కి నిలబడి రాసుకుంటూనే ఉంది. నీళ్ళు నడుము దాటాయి, ఛాతీకి వచ్చాయి. పిక్కలు పరుగెత్తమన్నాయి. లలితాంబ వాటిని అననిచ్చింది. మాట ఆగింది. గొంతులో ఉసిరికాయంత బిగువు. దాన్నే చూసింది. కాసేపటికి అది కందిగింజంతైంది.

“తర్వాత నది ఎటు వెళ్ళింది?” అని అడిగింది.

“మనూరికే వచ్చేసిందండీ!” అని పిల్లలు ఒక్కసారిగా అరిచారు. నీళ్ళు గుడగుడమంటూ తూములోకి జారాయి.

దొరసాని ఉద్యోగం ఖాయం చేసి వెళ్ళిపోయింది. లలితాంబ ఆ మాట చెప్పడానికి ఆనందంగా బయటికి వచ్చింది.

“సంతోషమే,” అన్నాడు మధుసూదనరావు. “కానీ మీ అక్కయ్య మంచం పట్టింది. ఇంట్లో వండేవాళ్ళు లేరు. ఎక్కమ్మా, రైలుకి వేళైంది.”

ఇది ఆమె ఊహించలేదు. దొరసానికి భయపడింది గానీ, ఈయనకు భయపడినంత కాదు. వీధిలో నీళ్ళు పొంగాయి. జట్కా చక్రాలు మునిగిపోయాయి. అంకమ్మ అరుగు మీదినుంచి చూస్తోంది.

అరికాళ్ళు చల్లబడ్డాయి. పిక్కలు వణికాయి. కడుపులో ముడి పడింది. ఈసారి ఏదీ తగ్గలేదు. తగ్గేదాకా ఆగక్కర్లేదని లలితాంబకు తోచింది.

“నేను రావడం లేదండీ, బావగారూ. అక్కయ్యను సెలవుల్లో వచ్చి చూస్తాను.”

ఛాతీలోతు నీళ్ళలో నిలబడి చెప్పింది. గొంతు వణికింది. మాట మాత్రం పూర్తయింది.

మధుసూదనరావు తడిసిన పంచె ఎగగట్టుకుని ఒక్కడే జట్కా ఎక్కాడు. లలితాంబ చీర అంచు పిండుకుని, మిగిలిన పాఠం చెప్పడానికి లోపలికి వెళ్ళింది.