ఖాళీ గిన్నెలు

ఫోను మోగేసరికి నెరెయిదా వరండాలో కూర్చుని వెల్లుల్లి కాడల్ని జడల్లా అల్లుతోంది. రెండు చేతులకూ మట్టి. ముక్కుతో తెరను నొక్కి, చెవి ఫోను మీదికి వంచింది. అటువైపు బడి పెద్ద పంతులమ్మ.

"ఉద్యోగం నీకే వచ్చిందమ్మా. ఈస్టర్ సెలవులు కాగానే మూడో తరగతి నీది. ఈ ఊళ్ళోనే ఉంటానని శనివారం లోపల ఖాయంగా చెప్పు. నువ్వు కాదంటే ఇంకొకావిడ కాచుకుని ఉంది."

నెరెయిదా ఒక్కసారిగా లేచి నిలబడింది. ఒళ్ళోని వెల్లుల్లిపాయలు మెట్ల మీదుగా దొర్లుకుంటూ వెళ్ళి కోళ్ళ మధ్య పడ్డాయి. పెళ్ళయి పంతొమ్మిది రోజులైంది. ఈ కొండెక్కి వచ్చినప్పటినుంచీ ఆమెకు ఏం చూసినా నవ్వొచ్చేస్తోంది. పొద్దున్నే మాట్లాడితే నోట్లోంచి ఆవిరి రావడం, కాఫీ వడకట్టే గుడ్డ తడిసిన మేజోడులా కొక్కానికి వేలాడటం, సంతలో స్ట్రాబెర్రీలమ్మే ముసలాయన ఆమెను "చలికి వణికే పిల్లా" అని పిలవడం, అన్నీ వింతే. రాజధానిలో పుట్టి పెరిగిన మనిషికి కొన్‌స్తాన్సా కొండల చలి కూడా పెళ్ళి కానుకలాగే ఉంది. ఇప్పుడేమో ఈ కబురు.

"ఎలీహియో! నాకే వచ్చింది!" అని పెరట్లోకి కేక వేసింది.

కట్టెలు కొడుతున్న ఎలీహియో గొడ్డలి వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఆమెను ఎత్తి గిర్రున తిప్పాడు. రెండో చుట్టులో వంటింటి గుమ్మం దగ్గర తనను పెంచిన తొమసీనా కనిపించింది. మెల్లగా కిందికి దించాడు.

"మద్రీనా, నెరెయిదాకి మన బళ్ళోనే ఉద్యోగమొచ్చింది," అన్నాడు. గొంతు తగ్గించి, "దీవించు మద్రీనా," అన్నాడు.

తొమసీనా చేతులు తుడుచుకుంది.

"పాయలు ఏరండి. కోళ్ళు తొక్కేస్తున్నాయి," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఎలీహియోకు నాలుగేళ్ళప్పుడు తల్లి పోయింది. బాప్తిస్మం నాడు అతన్ని చేతుల్లోకి అందుకున్న జ్ఞానతల్లి, వాళ్ళ మాటలో మద్రీనా, తొమసీనాయే అప్పటినుంచీ పెంచింది. నిద్ర లేచినా, పడుకోబోయినా, కూరగాయల లారీ వేసుకుని రాజధానికి బయలుదేరినా, అతను "దీవించు మద్రీనా" అనాలి, ఆమె "దేవుడు దీవించాలి నాయనా" అనాలి. ఆ జవాబు చెవిన పడకుండా అతను ఎన్నడూ గడప దాటి ఎరగడు. ఈసారి వచ్చి నాలుగు రోజులైంది. రోజుకు నాలుగైదు సార్లు అడుగుతూనే ఉన్నాడు. ఒక్కసారీ జవాబు రాలేదు. కాఫీ ఇస్తుంది, దుప్పటి ఇస్తుంది, చలి బాగా ఉందని ఇంకో దుప్పటీ ఇస్తుంది. దీవెన మాత్రం ఇవ్వదు.

తప్పంతా పెళ్ళిది. గురువారం మధ్యాహ్నం రాజధానిలో రిజిస్ట్రారు ఆఫీసులో ఇద్దరూ సంతకాలు పెట్టేసి వచ్చారు. ఆ సంగతి తొమసీనాకు తెలిసింది కొట్టు దగ్గర. ఉప్పు కొనడానికి వెళ్తే కొట్టువాడు ఫోను ముందుకు చాపి, "మీ అబ్బాయి పెళ్ళి ఫోటో బాగుంది తొమసీనాగారూ, మాకు చెప్పనేలేదే?" అన్నాడట. నలుగురు నవ్వారట. చర్చిలో పెళ్ళికొడుకు పక్కన నిలబడాల్సిన మనిషి ఉప్పు కూడా తీసుకోకుండా ఇంటికొచ్చింది. ఆ పెళ్ళి విందు కోసమని ఏడాదిగా మేపుతున్న పంది ఇప్పటికీ దొడ్లో ఉంది. రోజురోజుకీ లావెక్కుతోంది. దాని మాట ఎత్తే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

"ఊళ్ళో వేరే ఇల్లు చూసుకుందాం," అంది నెరెయిదా, పాయలు ఏరుతూ.

"ఆవిడ ఉన్న ఊళ్ళో వేరే ఇల్లా? ఆవిడ మొహం మీద తలుపేసినట్టే." ఎలీహియో తల అడ్డంగా ఊపాడు. "దీవించి ఇక్కడే ఉండమంటే ఉంటాం. లేదంటే కొండ దిగి వెళ్ళిపోదాం. ఆ ఉద్యోగం ఇంకొకావిడ చేసుకుంటుంది."

నెరెయిదా ఒక్కో పాయ మట్టి దులిపి ఒళ్ళో వేసుకుంది. అతను ఆవిడకి చెప్పని మాట ఇంకొకటి ఉంది. ఆ గురువారం ఎలీహియో ఆఫీసు మెట్ల మీద ఆగి, "ముందు మద్రీనాకి ఫోను చేస్తాను," అన్నాడు. "చెబితే చర్చి అంటుంది, పంది అంటుంది, ఆరు నెలలు ఆపుతుంది. ముందు చేసుకుందాం, తర్వాత చెబుదాం," అని నవ్వుతూ అతని చేతిలోంచి ఫోను లాక్కుని తన సంచిలో పడేసింది నెరెయిదాయే. ఇక్కడికి వచ్చిన రోజు మాత్రం అతను, "తొందరపడింది నేనే మద్రీనా," అన్నాడు. ఆమె పక్కనే ఉండి నోరు విప్పలేదు.

అసలే ఈస్టర్‌కి ముందు వచ్చే పవిత్ర వారం. ప్రతి ఇంటి పొయ్యి మీదా ఎర్ర చిక్కుడుగింజల పాయసం ఉడుకుతోంది. గింజలు రుబ్బి, కొబ్బరిపాలు, చక్కెర, దాల్చినచెక్క వేసి, చిలగడదుంప ముక్కలతో చిక్కగా కాచి, పైన చిన్న బిస్కెట్లు పేర్చి ఇరుగుపొరుగుకు పంచుతారు. తొమసీనా ఇంటికీ గిన్నె తర్వాత గిన్నె వచ్చింది. ఆమె తీసుకుంది, థాంక్స్ చెప్పింది, తానుగా మాత్రం గింజలు నానబెట్టలేదు. పాయసం మోసుకుని ఇంటింటికీ వెళ్తే ప్రతి గుమ్మంలోనూ పెళ్ళి మాట వస్తుంది. దానికేం చెబుతుంది? మంగళవారానికల్లా వంటింటి అలమారలో తిని ఖాళీ చేసిన పదకొండు గిన్నెలు చేరాయి.

కబురు తెచ్చిన సంతోషంలోనో, ఏదో ఒకటి చేసి పెట్టాలన్న ఆత్రంలోనో, నెరెయిదా చూపు ఆ గిన్నెల మీద పడింది. తొమసీనా చర్చికి వెళ్ళింది. ఎలీహియో లారీ టైరు బాగు చేయిస్తున్నాడు. నెరెయిదా గిన్నెలన్నీ తోమింది, మెరిసేలా తుడిచింది. రాజధానిలో వాళ్ళది నాలుగో అంతస్తు. అక్కడ పాయసం ప్లాస్టిక్ గ్లాసుల్లో ఇచ్చుకునేవాళ్ళు, తిని పారేసేవాళ్ళు. గిన్నె తిరిగి ఇవ్వడానికి ఒక పద్ధతి ఉంటుందన్న సంగతే ఆమెకు తెలియదు. గిన్నెల అడుగున రంగుతో రాసిన పేర్లు చూసుకుంటూ, అడ్రసు కనుక్కుంటూ, బుట్టలో మోసుకెళ్ళి ఒక్కో గుమ్మంలో అందించింది.

"చాలా బాగుందండీ," అంది ప్రతిచోటా, నవ్వు మొహంతో.

వాళ్ళు గిన్నెలోకి చూశారు. ఆమె మొహంలోకి చూశారు. ఒక్కరూ లోపలికి రమ్మనలేదు. కొండవాళ్ళు మాట తక్కువ మనుషులు కాబోలు అనుకుని, దారిలో ఒక గుర్రపు పిల్ల కనిపిస్తే దాని మూతి నిమిరి, ఇంటికొచ్చింది.

సాయంత్రం నాలుగింటికి పక్కింటి ఎర్మీనియా గేటు తోసుకుని వచ్చింది. చేతిలో ఖాళీ గిన్నె. అప్పుడే చర్చినుంచి వచ్చిన తొమసీనా ముందు బల్ల మీద దాన్ని ఠంగుమని పెట్టింది.

"నలభై ఏళ్ళ నేస్తం మనది. నీకూ నాకూ ఇక చెల్లంటే నువ్వే వచ్చి చెప్పాల్సింది తొమసీనా. రాజధాని పిల్ల చేత ఖాళీ గిన్నె పంపిస్తావా?"

"నేనేం పంపలేదే!"

"పంపలేదా? ఈ పిల్ల ఇంటింటికీ తిరిగి ఇచ్చొచ్చింది! పై వీధి దాకా! పవిత్ర వారంలో నీ పాయసం నింపి పంపాల్సిన గిన్నె ఖాళీగా పంపితే నేస్తం తెంచుకున్నట్టు కాదూ! అంత వద్దనుకుంటే నా పాయసం ఆ పందికి పోసుకోలేకపోయావా, అసలే అది పెళ్ళి లేక దిగులుగా ఉంది!"

నెరెయిదా బల్ల మీదికి వంగి గిన్నెలోకి చూసింది. "నేను... కడిగి ఇచ్చానండీ. శుభ్రంగా..."

"శుభ్రంగానే ఉందమ్మా, అదే కదా ఏడుపు," అంది ఎర్మీనియా. గిన్నె అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

తొమసీనా కుర్చీలో కూలబడింది. ఆవిడ అరిస్తే బాగుండునని నెరెయిదాకు అనిపించింది.

"ఎన్ని ఇళ్ళకు?"

"పదకొండు."

"పదకొండిళ్ళతోనూ తెంచుకున్నావన్న మాట. నా పేరు మీద."

అప్పుడే లారీ దిగి వచ్చిన ఎలీహియో గుమ్మంలో మాట విని గబగబా అడుగు ముందుకు వేశాడు.

"నేనే ఇచ్చి రమ్మన్నాను మద్రీనా. తనకేం తెలుసు? తప్పు నాది."

అతని చేతులకు ఇంకా గ్రీజు ఉంది. వేళ్ళు ముడుచుకుని, చిన్నప్పుడు ఏదో పగలగొట్టి నిలబడ్డట్టు నిలబడ్డాడు. అబద్ధం ఇంత సులువుగా వచ్చేసిందా అని నెరెయిదాకు భయం వేసింది. ఇలాగే ఒకటి ముందే చెప్పాడు. ఇలాగే ఇంకా చెబుతాడు. ఆవిడ అతన్నే చూస్తుంటుంది, జవాబివ్వకుండా. తాను పక్కన నిలబడి నవ్వు మొహంతో బతుకుతుంది.

"అతను చెప్పలేదు," అంది నెరెయిదా. "గిన్నెలు నా అంతట నేనే ఇచ్చొచ్చాను. పెళ్ళి కూడా అంతే తొమసీనాగారూ. మెట్ల మీద నిలబడి మీకు ఫోను చేస్తానన్నాడు. ఫోను లాక్కున్నది నేను."

"నెరెయిదా, ఊరుకో," అన్నాడు ఎలీహియో.

"నువ్వు ఊరుకోరా," అంది తొమసీనా. నాలుగు రోజుల్లో అతనితో ఆవిడ అంత పదునుగా మాట్లాడటం అదే మొదలు. నెరెయిదా వైపు తిరిగింది. "ఎక్కడ పెట్టావు ఫోను?"

"నా సంచిలో."

"ఎంతసేపు?"

"సంతకాలయ్యేదాకా. తర్వాత ఐస్‌క్రీం తిన్నాం. అప్పటిదాకా." దాచుకోవాల్సిన ఐస్‌క్రీం మాట కూడా నోట్లోంచి వచ్చేసింది. "మీరు ఆపుతారని భయపడ్డాను."

"ఆపేదాన్నే," అంది తొమసీనా. "ఆరు నెలలు కాదు, ఎనిమిది నెలలు ఆపేదాన్ని. చలి తగ్గాలి, మా అక్క రావాలి, పందికి ఇంకాస్త కండ పట్టాలి. ఆపేదాన్ని." బల్ల మీది గిన్నెను పక్కకు జరిపింది. "కానీ వీడు నాతో అబద్ధమాడాడే! నా చేతుల్లో పెరిగినవాడు, నా కళ్ళలోకి చూసి అబద్ధమాడాడు. నీకోసం. అదెలా మింగమంటావు?"

ఎలీహియో మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ ఒడి దగ్గర తల వంచాడు.

"దీవించు మద్రీనా."

తొమసీనా చెయ్యి కుర్చీ మీంచి లేచింది. అతని జుట్టు దాకా వచ్చి, అక్కడ అంటుకున్న చెక్కపొట్టు ఒకటి తీసి పారేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

"ఇంకా లేదు," అంది. "నాకు మనసొప్పినప్పుడు ఇస్తాను. అడగడం మాత్రం మానకు."

ఎలీహియో తల ఊపాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. నెరెయిదాకు అతని భుజం పట్టుకోవాలనిపించింది. కానీ ఆ ఇద్దరి మధ్యకీ ఇప్పుడు వెళ్ళకూడదనిపించి ఆగిపోయింది.

"శనివారం లోపల బడికి ఏమని చెప్పమంటారు?" అంది నెమ్మదిగా.

"శనివారం దాకా టైముందన్నావుగా. ఊరు నీ మొహం చూడటానికి ఒప్పుకుంటుందో లేదో తెలియకుండా ఊరి పిల్లలకేం చెబుతావు?" తొమసీనా లేచి, మూల ఉన్న గోనెసంచిలోంచి ఎర్ర గింజలు పెద్ద తపేలాలోకి ఒంపింది. నీళ్ళు పోసింది. "ఒరేయ్, చీకటి పడకముందే వెళ్ళి ఆరు కొబ్బరికాయలు పట్టుకురా. ముదురువి చూసి తీసుకో. కొట్టువాడు ఏమన్నా నోరు మెదపకు."

ఎలీహియో లేచి వెళ్ళాడు.

"మరి నువ్వు," అంది నెరెయిదాతో. "రేపు తెల్లవారగానే గింజలు రుబ్బుతావు. మధ్యాహ్నానికి పాయసం అవుతుంది. పదకొండిళ్ళకూ నువ్వే మోస్తావు. ఎర్మీనియాది తప్ప గిన్నెలు మన దగ్గర లేవు కాబట్టి కుండలోంచి వాళ్ళ గుమ్మంలోనే వడ్డించాలి. ప్రతి ఇంట్లోనూ, 'ఖాళీ గిన్నె తెచ్చింది నేను, ఆవిడకి చెప్పకుండా పెళ్ళి చేసుకున్నదీ నేను' అని నీ నోటితోనే చెప్పాలి. నేను పక్కనే నడుస్తాను. ఒక్క మాట సాయం చెయ్యను. కొందరు తలుపు తియ్యరు. ఎర్మీనియా తీస్తుంది గానీ తిట్టాకే తీస్తుంది."

"సరేనండీ."

"సరే అంటే చాలదు. ఆరింటికల్లా లేచి ఉండాలి. ఆ పల్చటి చెప్పులు కాదు, వాడి పాత బూట్లు మంచం కింద ఉన్నాయి, అవి వేసుకో. పై వీధి అంతా బురద."