ఎర్రదారం పొట్లాలు

పెద్దల్లుడు దాణా కుప్పలో మోచేతుల దాకా చేతులు ముంచి కలుపుతున్నాడు. మొక్కజొన్న నూక, సోయా చెక్క, పైన నీలందారం పొట్లంలోని తెల్లపొడి. కోళ్ళఫారంలో ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. నడుం వంగింది, నెత్తి మీద జుట్టు సెలవు తీసుకుంది. మరదలి మొగుణ్ణి తనే తెచ్చి పక్క షెడ్డులో పెట్టించిన నాటి నుంచి ఫారమంతా ఇద్దరినీ పెద్దల్లుడు, చిన్నల్లుడు అనే పిలుస్తోంది.

చేజేతులా తెచ్చుకున్న తంటా అది. చిన్నల్లుడికి జుట్టు ఒత్తు. అత్తగారింట్లో ఫ్యాను కింది కుర్చీ అతనిది. భార్య రోజూ చెల్లెలి మొగుడి ముచ్చటే ఎత్తుతుంది. పెద్దల్లుడికి ఒళ్ళు మండిపోయేది.

ఆరువారాల కిందట కోళ్ళను చూసే డాక్టరమ్మ రెండు రంగుల దారాలు కట్టిన పొట్లాలు తెచ్చింది.

"ఒకదాంట్లో కోళ్ళ పేగులకు మేలుచేసే మందుంది, తిన్నది ఒంటపడుతుంది. రెండోది ఉత్త పిండి. ఏదేదో బరువులు తూచాకే చెప్తాను," అంది.

నీలందారంవి అతనికిచ్చింది. ఎర్రదారంవి చిన్నల్లుడికిస్తూ నవ్వింది. మందు ఎర్రదారంవాటిలోనే ఉందని తేల్చుకోవడానికి ఆ నవ్వు చాలింది పెద్దల్లుడికి. పైగా యజమాని ఈ బ్యాచి కోళ్ళ బరువులు చూశాకే కొత్త ఫారానికి మేస్త్రీని ఎంచుకుంటానన్నాడు, ఇల్లు కూడా ఇస్తానన్నాడు. ఆ మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళినప్పుడు పెద్దల్లుడు స్టోరులో కూర్చుని పొట్లాలన్నిటికీ దారాలు విప్పి, నీలంవాటికి ఎర్రదారం, ఎర్రవాటికి నీలందారం తన అలవాటు జంటముడితో కట్టాడు. కోళ్ళ పేగులకు మందుంది గానీ అతని కడుపుమంటకు లేదు.

ఈరోజు తూకం. పెద్దల్లుడు కాటా పక్కన నిలబడ్డాడు. అతని కోళ్ళు సగటున కిలో తొమ్మిదొందల గ్రాములు తూగాయి. చిన్నల్లుడివి రెండు కిలోల రెండొందలు.

డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసుకుంది. "విచిత్రంగా ఉందే! మందు నీలందారం పొట్లాల్లో పెట్టాను. ఉత్త పిండి కలిపిన షెడ్డు ఇంత పెరిగిందంటే ఈ మందు దండగ."

"మందు కాదమ్మా, చేతి మహిమ," అన్నాడు యజమాని, చిన్నల్లుడి భుజం తట్టి. "సాయంత్రం వ్యానెక్కెయ్. అక్కడ మేస్త్రీవి నువ్వే."

దారాలు మార్చింది తనేనని పెద్దల్లుడికొక్కడికే తెలుసు. చెబితే దొంగ, చెప్పకపోతే చేతకానివాడు. దాణా సంచి భుజానికెత్తుకుని స్టోరులోకి నడిచాడు.

సాయంత్రం వ్యాను గేటు దగ్గర ఆగింది. చిన్నల్లుడు బట్టల సంచితో స్టోరులోకి వచ్చాడు.

"అన్నయ్యా, ఇదంతా నువ్వు నేర్పిన పనే. నీకు రావాల్సింది నాకొచ్చింది, నాకు మొహం చెల్లడం లేదు."

అతని కళ్ళు నిజంగానే తడిగా ఉన్నాయి. తిట్టినా బాగుండేది అనుకున్నాడు పెద్దల్లుడు. అప్పటికీ ఆ ఒత్తు జుట్టు చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాడు.

"వెళ్ళు, వ్యాను ఆగదు."

"ఒక పొట్లం మిగిలింది. ఉత్త పిండేగా, పారెయ్."

వ్యాను మలుపు తిరిగింది. కోళ్ళు మేతకు గోల పెడుతున్నాయి. పెద్దల్లుడు చేతులు దులుపుకుని మళ్ళీ కుప్ప దగ్గర కూర్చున్నాడు. కిటికీ గట్టు మీద పొట్లం ఉంది, విప్పకుండా, ఎర్రదారంతో, అతని చేతి జంటముడితో.