విట్లాక్ కొత్త వరస

"అనుభవం ఉన్నవాళ్ళకు మాత్రమే" అని టౌన్‌హాలు తలుపుకి కాగితం అంటించాడు విట్లాక్. మా న్యూహాంప్‌షైర్ కొండల్లో ముప్ఫయ్యేళ్ళుగా కాంట్రా డాన్సులకి, అంటే జంటలు బారుగా వరసకట్టి ఆడే ఆటలకి, ఫిడేలు వాయిస్తున్నాను. మైకు పట్టుకుని అడుగులు చెప్పేవాళ్ళలో ఇంత తలబిరుసు మనిషిని చూడలేదు. అందరిలా జంటకి జంట ఎదురు నిలబడితే ఆయనకి నామోషీ. అందుకే ఈ ఆదివారం మధ్యాహ్నానికి, నలుగురికి నలుగురు ఎదురు నిలిచే వరస కనిపెట్టుకొచ్చాడు.

విరామంలో ఆయన అడుగులు రాసుకున్న కార్డు చూశాను. ప్రతి విడతకీ అందరూ ఒక చోటు ముందుకి జరుగుతారు. చివరికి చేరినవాళ్ళు ఒక విడత ఆగి, మళ్ళీ లోపలికి రావాలి. ఆ వచ్చే దారే కార్డులో లేదు. చెబుదామని నోరు తెరిచి మూసేశాను. నలుగురిలో పరువు పోగొట్టుకోనీ, నాకేం?

అంతలో ఆరిన్ బాబాయ్ వచ్చాడు. ఎనభై రెండేళ్ళ మనిషి.

"రేపే తుంటి ఆపరేషనమ్మాయ్. ఇంక డాన్సు మాట మర్చిపొమ్మన్నాడు డాక్టరు. ఇవాళ ఒక్కటంటే ఒక్కటి ఆడనిచ్చాడు. నీ ఫిడేలుకే ఆడదామని నేనూ మా ఆవిడ లూయెల్లా ఆగాం."

"అయితే మధ్యలో నిలబడు బాబాయ్," అన్నాను. అంతే అన్నాను.

మధ్య చోట్లు మా ఘనాపాఠీలు వారం ముందే మాట్లాడేసుకుంటారు. బాబాయ్‌కీ భార్యకీ చివర మిగిలింది. మొదటి విడతకే వరస నుంచి బయట పడ్డారు. ఆయన లోపలికి చెయ్యి చాపాడు.

"ఏవండీ పెద్దాయనా, అక్కడే ఉండండి! మీ అడుగు కార్డులో లేదు!" మైకులో అరిచాడు విట్లాక్.

తీగల మీంచి కమాను ఎత్తితే డాన్సు ఆగిపోయేది. నేను వాయిస్తూనే ఉన్నాను, ఆ కొత్త వరస ఎప్పుడు కుప్పకూలుతుందా అని. అది కూలలేదు. చివరికి చేరినవాళ్ళు బయటే మిగిలిపోతూ వరస పొట్టిదైంది, మధ్యవాళ్ళు గిరగిరా తిరుగుతూనే ఉన్నారు. ఆఖర్న హాలంతా చప్పట్లు. విట్లాక్ వంగి వంగి దండం పెట్టాడు. ఛీ, సిగ్గులేని జన్మ.

బాబాయ్ గోడ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"భలే వాయించావమ్మాయ్. ఆడుతూ ఉంటే సరిగ్గా వినపడదు కదా. ఇవాళే పాటంతా విన్నాను."

విట్లాక్ కోసం నోట్లో దాచుకున్న తిట్లన్నీ నాకే సరిపోయాయి.