గాలి పైపు పట్టుకున్న సమ్మవ్వ

"ఈసారి దిగ. సచ్చినా దిగ," అంది సమ్మవ్వ మొగుడు సారయ్యతో. "దిగమన్నవంటే మళ్ల నీ కారు మొకం జూడ."

సారయ్య కారు సంగతి బెల్లంపల్లిలో వాళ్ల వాడకట్టంతటికీ తెలిసిందే. ఆసిఫాబాద్ దాటేదాకా పెళ్లికొడుకులా పోతుంది. కెరమెరి ఘాటు కొండదారి కనబడిందంటే దగ్గు మొదలు. రెండు మలుపులు ఎక్కి నిలబడిపోతుంది. అప్పుడు సారయ్య వెనక్కి కూడా తిరగకుండా, "జర దిగుండ్రి, బరువైతాంది," అంటాడు.

దిగేది ఇద్దరు. ఒకరు సమ్మవ్వ. ఆమె బిడ్డ భూమిక ఘాటు అవతల జైనూర్‌లో నర్సు. రెండో మనిషి పక్కింటి బిస్మిల్లా బీ. ఆమె కూతురు హుస్నాను అదే ఊరికి ఇచ్చారు. బిడ్డలను చూడబోయినప్పుడల్లా ఇద్దరూ ఈ కారే ఎక్కుతారు. బిస్మిల్లా బీ మామూలు మనిషి కాదు, నాలుగు చక్రాల మోటారు ట్రాలీ బండిలో గిన్నెలేసుకుని సంతసంతకూ తిరిగి అమ్ముతుంది. బండి నడిపేది ఆమే, వెనక గిన్నెలు పట్టుకుని కూర్చునేది మొగుడు మక్బూల్. అలాంటి ఆమె కూడా సారయ్య కారు దిగి సమ్మవ్వతో పాటు ఘాటు నడిచి ఎక్కాల్సిందే.

నడక సమ్మవ్వకు లెక్క కాదు. 'బరువు' అన్న మాటే ఆమెకు ఒళ్లు మండించేది. ఇల్లు మోసింది, పిల్లను మోసింది, ఈయన కోపాలు మోసింది. చివరికి బరువు తనేనట!

పెళ్లాం అలిగేసరికి సారయ్యకు పౌరుషం వచ్చింది. ఆయన బొగ్గుబాయిలో గాలి ఆడించే పెద్ద ఫ్యాన్ నడిపి రిటైరైన మనిషి. గాలి గురించి తనకు తెలియంది ఆ దేవుడికి కూడా తెలియదని ఆయన నమ్మకం. ఇంటి ముందు బానెట్ ఎత్తి, గాలి డబ్బా విప్పి, బొగ్గుపెళ్లలా ఉన్న ఫిల్టరు బయటికి లాగాడు.

"ఇంజన్ వేడిగాలి తాగుతాంది. అందుకే దమ్ము లేదు. చల్లగాలి తాపియ్యాలె."

"చల్లగాలి యాడికెళ్లి తెస్తవ్?"

"ఏసీకెళ్లి."

అన్నాడు, అన్నంత పనీ చేశాడు. కొత్త ఫిల్టరు వేసి, స్క్రాపు దుకాణంలో దొరికిన బారెడు ముడతల పైపు ఒక కొస గాలి డబ్బాకు బిగించి, రెండో కొసను డాష్‌బోర్డు కిందినుంచి కారు లోపలికి తెచ్చాడు. పైపు మూతి సరిగ్గా సమ్మవ్వ మోకాళ్ల దగ్గర తేలింది.

"గా ఏసీ గాలి మేం పీల్సుకోవాల్నా, ఇంజన్ పీల్సుకోవాల్నా?"

"ముందుగాల ఇంజన్. మిగిలింది మీరు పీల్సుకోండ్రి."

మర్నాడు పొద్దున బయల్దేరారు. సారయ్య యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా పైపు 'జుర్ర్ర్' మంది, అచ్చం ముసలాయన సాసర్లో చాయ్ జుర్రినట్టు. బిస్మిల్లా బీ వెనక సీట్లో నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. మళ్లీ 'జుర్ర్ర్'. సమ్మవ్వ ఆపుకోలేకపోయింది. ఇద్దరూ ఆసిఫాబాద్ దాకా నవ్వుతూనే ఉన్నారు, సారయ్య మూతి ముడుచుకునే ఉన్నాడు.

ఘాటు వచ్చింది. మొదటి మలుపు ఎక్కింది. రెండోదీ ఎక్కింది! సారయ్య మీసం మీద చెయ్యి వేశాడు. అంతలో 'జుర్ర్' కాస్తా 'గుప్ప్' అయింది. కారు గుటకలు మింగి ఆగిపోయింది.

"జర దిగుం..."

"సారయ్యా!"

మొగుణ్ని పేరు పెట్టి పిలవడం ఆమెకు అదే మొదలు. పిలిచాక ఆమెకే నవ్వొచ్చింది. కిందికి చూస్తే ఏముంది? పైపు ఆమె కొంగును నిండా మింగి కూర్చుంది.

"నీ ఇంజన్‌కు ఊపిరాడతలేదు. నా కొంగు గుంజుకుంది," అంటూ కొంగు పీకింది. పైపును పట్టి లాగి, అద్దం దించి, మూతిని బయటికి పెట్టింది. బయట వాన వెలిసిన అడవి గాలి చల్లగా కొడుతోంది. "గింత గాలి బయట ఉండంగ ఏసీ ఎందుకయ్యా? బందువెట్టు. ఇగ పోనియ్!"

కారు కదిలింది. కదలడం కాదు, ఉరికింది. సమ్మవ్వ చెయ్యి బయటికి చాపి పైపు పట్టుకుంది, జుట్టు రేగిపోతోంది, "పో బిడ్డా పో!" అని కారును అదిలిస్తోంది. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు వింతగా చూసి హారన్ కొట్టాడు. బిస్మిల్లా బీ "అల్లా! అల్లా!" అంటూ చప్పట్లు చరిచింది.

అన్నిటికన్నా నిటారు మలుపు చివర్లో ఉంది. అక్కడ కారు మళ్లీ మూలిగింది. సారయ్య హ్యాండ్‌బ్రేక్ లాగి, నోరు తెరవడానికి భయపడుతూ, "ఒక్క మనిషి తగ్గితే ఎక్కుతది," అన్నాడు.

"నేను దిగితే పైపెవరు పడ్తరు?" అంది సమ్మవ్వ.

"నేను దిగితే బండెవరు నడుపుతరు?" అన్నాడాయన.

బిస్మిల్లా బీ ముందుకు వంగింది. "నేను నడుపుత అన్నా. జర నువ్వు దిగు. బరువైతాంది."

సారయ్య ఇద్దరి మొహాలూ చూశాడు. పెళ్లాం నవ్వును పళ్ల బిగువున ఆపుకుంటోంది. స్టీరింగ్ వదిలి దిగాడు. బిస్మిల్లా బీ ఆ సీట్లోకి మారింది.

ఆడవాళ్లిద్దరూ ఆ మలుపు ఎలా ఎక్కారో వాళ్లకే తెలియదు. అరిచారు, పాడారు, పైపు జుర్రింది. కొండ మీదికి చేరాక బిస్మిల్లా బీ బండి పక్కకు ఆపి స్టీరింగ్ మీద తలపెట్టి కడుపు పట్టుకుని నవ్వింది. సమ్మవ్వకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత సంతోషంగా ఉందో! ఘాటు మొత్తం సీట్లోంచి కదలకుండా ఎక్కింది తను.

చాలాసేపటికి సారయ్య వచ్చాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. కారుకు ఆనుకుని రొప్పి రొప్పి, వచ్చిన దారిని ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

"ఒక్క మలుపుకే గిట్లైతే... నువ్వు అన్ని మలుపులు నడుస్తుంటివా?"

"నడుస్తుంటి."

"మరి ఎన్నడు చెప్పలే?"

సమ్మవ్వ లోపలినుంచి నీళ్ల సీసా అందించింది.

"బిడ్డకు తెచ్చే సామాన్ల గంప గూడ బరువే అంటివి గదా. దాన్ని నెత్తిన వెట్టుకొని ఎక్కేదాన్ని. పైకొచ్చేసరికి చెప్పుటానికి దమ్ముంటె గదయ్యా!"